గుర్తు గుర్తును కలిసినప్పుడే గమనం

వాహన విజ్ఞానం

గత సంచికలో ఈ శీర్షిక క్రింద రేడియేటర్ సంరక్షణ గురించి తెలుసుకున్నాము. ఇంజన్ వేడెక్కడానికి నీటి కొరత, థర్మోస్టాట్ లోపం, ఫ్యాన్ బెల్టు వదులు కావడం మాత్రమే కాక, టైమింగ్ తప్పడం కూడా ఒక కారణమని అందులో ఒక్క వాక్యం వ్రాశాము. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకొని పలువురు పాఠకులు లేఖలు వ్రాశారు. టైమింగ్ అనగా ఏమిటి, దాని గుర్తులు ఇంజన్‌లో ఎక్కడ ఉంటాయి, అవి కలిశాయో లేదో మనంతట మనము తెలుసుకొనే మార్గమేది అన్నది ఆ లేఖల సారాంశం.

వాటిలో ఒక లేఖ మమ్మల్ని ప్రత్యేకంగా ఆలోచింపజేసింది. మన సంస్థలో పనిచేసి, పదవీ విరమణ అనంతరం కాలధర్మం చెందిన ఒక ఉద్యోగి కుమార్తె దానిని వ్రాశారు. తండ్రిగారు ముచ్చటపడి కొనుక్కున్న అంబాసిడర్ కారును ఆ కుటుంబం నేటికీ నడుపుతున్నది. ముందు భాగం నుండి శబ్దం వస్తున్నదని ఒక వర్క్‌షాపులో టైమింగ్ చైను మార్పించారట. నాటి నుండి బండి లాగడం లేదు, చిన్న ఎత్తు ఎక్కినా ఇంజన్ కాగిపోతున్నది, పెట్రోలు ఎక్కువగా త్రాగుతున్నది. మరొక వర్క్‌షాపు వారు చూసి, కంప్రెషన్ పడిపోయింది, ఇంజన్ దించి బోరు చేయించి పిస్టన్లు మార్చాలన్నారట. ఇటు రిజిస్ట్రేషన్ పొడిగించుకోవలసిన గడువు కూడా దగ్గరపడింది. అంత సొమ్ము పెట్టే కన్నా తుక్కుకు ఇచ్చివేద్దామని ఇంట్లో కొందరు, నాన్నగారి కారును అలా ఎలా పంపుతామని మరికొందరు. "మీరేమంటారు?" అన్నది ఆమె ప్రశ్న.

ఇంజన్‌ను కళ్ళారా చూడకుండా తీర్పు చెప్పడం భావ్యం కాదు. అయితే ఆ లేఖలోని ఒక విషయం మా దృష్టిని ఆకర్షించింది. చైను మార్చిన నాటి నుండే బాధ మొదలైంది. పిస్టన్ రింగులు ఒక్క రోజులో అరిగిపోవు. కనుక ఇంజన్ దించడానికి ముందు గుర్తులు చూడండని సమాధానం వ్రాశాము. ఆ చూడవలసిన పద్ధతినే ఇప్పుడు పాఠకులందరి కొరకు వివరిస్తున్నాము.

రెండు కాలనియమాలు

నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగేసరికి కామ్‌షాఫ్ట్ ఒక్క చుట్టు తిరుగుతుంది. అందుకే కామ్‌షాఫ్ట్ చక్రానికి పళ్ళు రెట్టింపు ఉంటాయి. ఈ రెండు చక్రాలను చైను గాని, పళ్ళ బెల్టు గాని కలుపుతుంది. పిస్టన్ ఎక్కడ ఉన్నప్పుడు ఏ వాల్వు తెరుచుకోవాలి, ఎప్పుడు మూసుకోవాలి అన్నది ఈ కలయికను బట్టి ఉంటుంది. ఇది వాల్వు టైమింగ్. లోపలి మిశ్రమానికి నిప్పురవ్వ ఎప్పుడు అందాలి అన్నది రెండవ నియమం. ఇది ఇగ్నిషన్ టైమింగ్. మొదటిది చక్రాల పళ్ళతో స్థిరపడిపోతుంది. రెండవదానిని పాత కార్లలో డిస్ట్రిబ్యూటర్‌ను కొద్దిగా అటూ ఇటూ తిప్పి సరిచేయవచ్చు.

ఈ పనులు ఎంత స్వల్ప కాలంలో జరుగుతాయో గమనించండి. ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతున్నదనుకుందాము. అంటే సెకనుకు 50 చుట్లు. ప్రతి వాల్వు సెకనుకు 25 సార్లు తెరుచుకొని మూసుకుంటుంది. క్రాంక్‌షాఫ్ట్ ఒక్క డిగ్రీ తిరగడానికి పట్టే కాలం సెకనులో 18,000వ వంతు. పెళ్ళికి ముహూర్తం దాటినా అర్చకులు మరొక ముహూర్తం చూడగలరు గాని, ఇంజన్‌లో దాటిపోయిన క్షణానికి మరు ముహూర్తం లేదు. రవ్వ ఆలస్యమైతే బండి మందగిస్తుంది, వేడి పెరుగుతుంది. మరీ ముందుగా పడితే ఎత్తులో టకటకమని నాకింగ్ శబ్దం వస్తుంది, కాలక్రమేణా పిస్టన్లు దెబ్బతింటాయి.

ఇక పన్ను తప్పితే ఏమవుతుంది? క్రాంక్ చక్రానికి 20 పళ్ళు ఉన్నాయనుకుంటే ఒక్క పన్ను 18 డిగ్రీలకు సమానం. పైకి అది కనిపించని తేడా. లోపల మాత్రం ఇన్‌లెట్ వాల్వు మూసుకోవలసిన సమయానికి మూసుకోక, లోనికి వచ్చిన మిశ్రమంలో కొంత వెనుకకు పోతుంది. కంప్రెషన్ పడిపోతుంది.

గుర్తులు ఎక్కడ ఉంటాయి?

అన్ని లెక్కలకూ మూలం ఒకటవ సిలిండర్. అందులోని పిస్టన్ పైకి చేరుకొనే చివరి స్థానాన్ని టాప్ డెడ్ సెంటర్, క్లుప్తంగా టి.డి.సి. అంటారు. 1489 సి.సి. పెట్రోలు ఇంజన్ గల అంబాసిడర్‌లో క్రాంక్ పుల్లీ అంచున చిన్న గాడి ఉంటుంది. టైమింగ్ కవరు మీద వరుసగా ముళ్ళు ఉంటాయి. వాటిలో పెద్దది టి.డి.సి. ముల్లు, తక్కినవి అంతకు 5, 10 డిగ్రీల ముందు స్థానాలను తెలుపుతాయి. నూనె, దుమ్ము పేరుకొని ఇవి కనిపించకపోవచ్చు. కిరసనాయిలులో ముంచిన గుడ్డతో తుడిచి, గాడిలో కొద్దిగా తెల్ల రంగు గాని, సుద్ద గాని పూస్తే కంటికి స్పష్టంగా ఆనుతుంది. కొన్ని కార్లలో ఈ గుర్తు పుల్లీ మీద కాక ఫ్లైవీల్ మీద ఉంటుంది. క్లచ్ హౌసింగ్‌కు ఉన్న చిన్న రబ్బరు మూత తీస్తే ఆ కిటికీలో దర్శనమిస్తుంది.

ఇవి బయటి గుర్తులు. లోపలి గుర్తులు టైమింగ్ కవరు విప్పితేనే కనిపిస్తాయి. అంబాసిడర్‌లో రెండు చక్రాల మీదా ఒక్కొక్క చుక్క ఉంటుంది. రెండు షాఫ్టుల కేంద్రాలను కలిపే గీత మీద ఆ చుక్కలు ఒకదానికొకటి ఎదురెదురుగా, అతి సమీపంగా రావాలి. కొన్ని ఇంజన్లలో చైను లింకులకు రంగు వేసి ఉంటుంది. ఆ లింకులు బిగించేటప్పటికి మాత్రమే. ఇంజన్‌ను చేతితో రెండు చుట్లు తిప్పాక రంగు లింకు తన చోటికి తిరిగి రాలేదని కంగారుపడరాదు. చక్రాల గుర్తులు వచ్చాయా లేదా అన్నదే ప్రమాణం.

ఏ టి.డి.సి.?

ఇక్కడే చాలామంది పొరబడతారు. రెండు చుట్లలో పిస్టన్ రెండుసార్లు పైకి వస్తుంది. ఒకసారి కంప్రెషన్ ముగింపులో, మరొకసారి పొగ బయటకు పంపే స్ట్రోకు ముగింపులో. పుల్లీ గాడి రెండు సార్లూ ముల్లుకు ఎదురుగానే వస్తుంది. పుల్లీకి ఆ తేడా తెలియదు. లోపలి చుక్కలు ఎదురెదురుగా వచ్చినంత మాత్రాన ఒకటవ సిలిండర్ కంప్రెషన్‌లోనే ఉందని అనుకోవడానికీ వీలులేదు.

తేడా తెలుసుకొనే సులువైన మార్గాలు రెండు. మొదటిది, ఒకటవ ప్లగ్గు తీసి ఆ రంధ్రాన్ని బొటనవ్రేలితో మూసి, మరొకరి చేత ఇంజన్‌ను నెమ్మదిగా చేతితో తిప్పించడం. గాలి వ్రేలిని బలంగా నెట్టితే అది కంప్రెషన్ స్ట్రోకు. రెండవది, రాకర్ కవరు విప్పి వాల్వులను గమనించడం. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో ఒకటి, నాలుగు పిస్టన్లు జంటగా పైకి వస్తాయి. నాలుగవ సిలిండర్‌లో ఒక వాల్వు మూసుకుంటూ, రెండవది తెరుచుకుంటూ త్రాసు తక్కెడల వలె ఊగుతుంటే, ఒకటవ సిలిండర్ కంప్రెషన్ టి.డి.సి. వద్ద ఉన్నట్లు. అప్పుడు ఒకటవ సిలిండర్ రాకర్లు రెండూ వదులుగా కదులుతాయి.

గుర్తే అబద్ధమాడితే

కొన్ని పుల్లీలలో లోపలి బొడ్డుకూ బయటి చట్రానికీ మధ్య రబ్బరు ఉంటుంది. రబ్బరు ముదిరి జారితే గుర్తు తన స్థానం తప్పుతుంది. వేరే బండి పుల్లీ తెచ్చి బిగించినప్పుడు కూడా గుర్తును నమ్మరాదు. అటువంటప్పుడు అసలైన టి.డి.సి. మనమే కనుగొనాలి.

ప్లగ్గు రంధ్రంలో ప్లాస్టిక్ గొట్టం వంటి మెత్తని వస్తువు ఉంచి అది పైకి లేచే తీరును చూడడం వాడుకలో ఉన్న పద్ధతి. ఇది సుమారుగా మాత్రమే పనికివస్తుంది. ఎందుకంటే చివరి స్థానానికి అటూ ఇటూ కొన్ని డిగ్రీల మేర పిస్టన్ కదలిక కంటికి తెలియనంత స్వల్పం. కచ్చితమైన పద్ధతి వేరొకటి ఉన్నది. పాత ప్లగ్గు లోపలి పింగాణీ తీసివేసి, దానిలో గుండ్రని మొన గల బోల్టు బిగించి, పిస్టన్‌కు అడ్డుగా నిలిచే 'ఆపు' ఒకటి తయారు చేయించుకోవాలి. తక్కిన ప్లగ్గులన్నీ తీసివేసి, పిస్టన్‌ను క్రిందికి దించి, ఈ ఆపును ఒకటవ రంధ్రంలో బిగించి, ఇంజన్‌ను చేతితో మెల్లగా త్రిప్పాలి. పిస్టన్ ఆపును తాకి నిలిచిన చోట ముల్లుకు ఎదురుగా పుల్లీ మీద గీత గీయాలి. ఇప్పుడు వెనుకకు త్రిప్పి, మరల తాకి నిలిచిన చోట మరొక గీత గీయాలి. ఈ రెండు గీతల నడుమ ఉన్న చిన్న దూరానికి సరిగ్గా మధ్యబిందువే టి.డి.సి. పని పూర్తికాగానే ఆపును తీసివేయడం మరువరాదు. స్టార్టర్ మోటారును ఈ పనికి ఎట్టి పరిస్థితిలోనూ వాడరాదు.

టి.డి.సి. దొరికాక డిగ్రీల గుర్తు మనమే వేసుకోవచ్చు. పుల్లీ చుట్టూ కాగితపు పట్టీ చుట్టి చుట్టుకొలత తీయాలి. అది 450 మిల్లీమీటర్లయితే 10 డిగ్రీలకు 12.5 మిల్లీమీటర్లు. ఈ గుర్తు టి.డి.సి. కన్నా ముందుగా ముల్లు వద్దకు రావాలి కనుక, పుల్లీ తిరిగే దిశలో టి.డి.సి. గుర్తుకు ముందు వైపున వేయాలి. వెనుక వైపున వేస్తే ఫలితం తలక్రిందులవుతుంది.

బల్బుతో పరీక్ష

పాయింట్లు గల పాత కార్లకు ఖరీదైన పరికరాలు అవసరం లేదు. 12 వోల్టుల బల్బు, రెండు తీగలు చాలు. ముందుగా ఫీలర్ గేజీతో పాయింట్ల సందును కారు పుస్తకంలో చెప్పిన మేరకు సరిచేయాలి. సందు మారితే టైమింగ్ కూడా మారుతుంది కనుక ఈ క్రమం తప్పరాదు. తరువాత గేరును న్యూట్రల్‌లో ఉంచి, ఇంజన్‌ను అది నడిచే దిశలోనే త్రిప్పుతూ, కంప్రెషన్ స్ట్రోకులో పుస్తకం చెప్పిన డిగ్రీ వద్ద గాడిని నిలపాలి. దాటిపోతే కొంచెం వెనుకకు తెచ్చి సరిపెట్టుకోరాదు. బాగా వెనుకకు పోయి మరల ముందుకు రావాలి. లేనిచో చైనులోని వదులు లెక్కను తప్పిస్తుంది.

బల్బు తీగలలో ఒకటి కాయిల్ నుండి డిస్ట్రిబ్యూటర్‌కు వచ్చే సన్నని తీగ చివరకు, రెండవది ఇంజన్ బాడీకి తగిలించి ఇగ్నిషన్ తాళం వేయాలి. డిస్ట్రిబ్యూటర్ బిగింపును వదులు చేసి, దానిని రోటార్ తిరిగే దిశలో త్రిప్పితే పాయింట్లు మూసుకొని బల్బు ఆరిపోతుంది. ఇక వ్యతిరేక దిశలో మెల్లగా త్రిప్పుతూ, బల్బు వెలిగిన తక్షణం ఆపి బిగించాలి. పాయింట్లు విడిపోయే క్షణమే రవ్వ పుట్టే క్షణం. అంబాసిడర్‌లో రోటార్ గడియారపు ముళ్ళకు ఎదురు దిశలో తిరుగుతుంది, రవ్వల వరుస 1-3-4-2. ఇతర కార్లకు ఇవి వేరుగా ఉండవచ్చు.

స్ట్రోబ్ దీపంతో నడుస్తున్న ఇంజన్ మీద చూడడం మరింత కచ్చితమైన పద్ధతి. మన కర్మాగారాలలో తిరుగుతున్న షాఫ్టులను పరీక్షించే స్ట్రోబోస్కోప్ సూత్రమే ఇక్కడ కూడా. ఒకటవ ప్లగ్గు తీగకు దీని క్లిప్పు తగిలిస్తే ప్రతి రవ్వకు ఒకసారి దీపం మెరుస్తుంది, గాడి నిలిచిపోయినట్లు కనిపిస్తుంది. పుస్తకం వేరుగా చెప్పనిచో వాక్యూమ్ గొట్టాన్ని ఊడదీసి మూసి ఉంచి చూడాలి. ఒక్క హెచ్చరిక. ఈ వెలుగులో గాడి మాత్రమే కాదు, ఫ్యాన్ రెక్కలు కూడా నిలిచిపోయినట్లు భ్రమ కలిగించవచ్చు. చీర కొంగు, చున్నీ, కండువా, వదులు చేతుల చొక్కా ఆ దరిదాపుల్లో ఉండరాదు.

బెల్టు గల కార్లు, నేటి కార్లు

1983 నుండి 2014 వరకు తయారై, మన టౌన్‌షిప్పుల్లో ఇంటింటికీ పరిచయమైన మారుతి 800 కారులో చైనుకు బదులు పళ్ళ బెల్టు ఉన్నది. మూడు సిలిండర్లు, రవ్వల వరుస 1-3-2. కామ్ పుల్లీ గుర్తు, క్రాంక్ వైపు గుర్తు రెండూ ఏకకాలంలో తమ తమ స్థిర గుర్తులతో కలవాలి. ఒకటి కలిసి మరొకటి కలవకుంటే పని పూర్తి కానట్లే. కొత్త బెల్టు బిగించాక క్రాంక్‌షాఫ్ట్‌ను చేతితో రెండు పూర్తి చుట్లు త్రిప్పి గుర్తులు మరల చూడాలి. చేతికి గట్టిగా ఏదైనా తగిలితే బలవంతం చేయక ఆగిపోవాలి. పలు ఇంజన్లలో టైమింగ్ తప్పితే పిస్టన్ వెళ్ళి తెరిచి ఉన్న వాల్వును గుద్దుతుంది, వాల్వు వంగుతుంది. బెల్టు ఊడదీసి ఉన్నప్పుడు కామ్‌ను గాని, క్రాంక్‌ను గాని ఊరికే త్రిప్పరాదన్నది ఇందువల్లనే. నూనె తగిలిన బెల్టును, పుస్తకంలో చెప్పిన కిలోమీటర్లు దాటిన బెల్టును, చూడ్డానికి బాగున్నా, మార్చడమే శ్రేయస్కరం.

నేటి కార్లలో డిస్ట్రిబ్యూటర్ లేదు. క్రాంక్‌షాఫ్ట్‌తో తిరిగే పళ్ళ చక్రాన్ని సెన్సార్ ఒకటి గమనిస్తూ ఉంటుంది. ఆ చక్రంలో కావాలనే పళ్ళు లేకుండా విడిచిన ఖాళీయే దాని గుర్తు. దాన్ని బట్టి కంప్యూటర్ రవ్వ సమయాన్ని నిర్ణయిస్తుంది. చైనుకూ బెల్టుకూ గుర్తులు మాత్రం నేటికీ ఉన్నాయి. కొన్నింటిలో షాఫ్టులను కదలకుండా పట్టి ఉంచే ప్రత్యేక పనిముట్లు లేనిదే ఆ పని చేయరాదు. అటువంటి ఇంజన్లను అనుభవజ్ఞులకే విడిచిపెట్టడం మేలు.

మొదటి లేఖకు ఫలితం

ఆ సోదరికి మేము వ్రాసిన పరీక్షలు మూడు. నాలుగు సిలిండర్ల కంప్రెషన్ విడివిడిగా కొలిపించడం. ప్రతి సిలిండర్‌లో ఒక చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మరల కొలిపించడం. రింగులు అరిగితే సాధారణంగా సిలిండర్ల మధ్య తేడా ఉంటుంది, ఆయిల్ పోయగానే అంకె పెరుగుతుంది. అన్నింటిలోనూ ఒకే విధంగా తక్కువగా ఉండి, ఆయిల్ పోసినా అంతగా పెరగకుంటే వాల్వు టైమింగ్‌ను అనుమానించాలి. మూడవది, రాకర్ కవరు విప్పి, వాల్వులు త్రాసు వలె ఊగే స్థానం టి.డి.సి. గుర్తుకు దగ్గరలోనే ఉందా లేదా చూడడం.

ఆమె దగ్గరుండి పరీక్షలు చేయించారు. నాలుగు అంకెలూ తక్కువగానే, దాదాపు సమానంగా వచ్చాయి. ఆయిల్‌తో చెప్పుకోదగిన మార్పు లేదు. ముందు కవరు విప్పించగా చుక్కలు ఎదురెదురుగా లేవు, ఒక్క పన్ను తేడా ఉన్నది. చైను తీసినప్పుడు వాల్వు స్ప్రింగుల ఒత్తిడికి కామ్‌షాఫ్ట్ కొద్దిగా తిరిగి ఉండాలి. ఆ సంగతి చూడక కొత్త చైను ఎక్కించారు. డిస్ట్రిబ్యూటర్ కూడా కామ్‌షాఫ్ట్ నుండే తిరుగుతుంది కనుక రవ్వ కూడా తప్పింది. దానిని మాత్రం డిస్ట్రిబ్యూటర్ త్రిప్పి సరిపెట్టారు. బండి స్టార్టయింది, లోపం దాగింది. డిస్ట్రిబ్యూటర్‌ను త్రిప్పి రవ్వను దిద్దవచ్చు గాని వాల్వులను దిద్దలేమని ఈ ఉదంతం చెబుతున్నది. చుక్కలు కలిపి బిగించాక బండి ఎప్పటి వలె లాగుతున్నదని ఆమె రెండవ లేఖ వ్రాశారు. ఇంజన్ దించలేదు, బోరు చేయించలేదు.

15 సంవత్సరాలు దాటిన కారుకు ఫిట్‌నెస్ పరీక్ష చేయించి 5 సంవత్సరాలకొకసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. ఆ రుసుము 2022 ఏప్రిల్ 1 నుండి బాగా పెరిగింది. ఆ ఖర్చు భరించాలా, మానాలా అన్నది ఆయా కుటుంబాల ఇష్టం. కాలుష్య నియంత్రణను దృష్టిలో ఉంచుకొని పాత బండిని విడిచిపెట్టాలనుకోవడంలోనూ తప్పు లేదు. అయితే ఆ నిర్ణయం బండి నిజమైన స్థితిని తెలుసుకొని తీసుకోవాలే గాని, ఒక్క పన్ను తేడాను చూసి మొత్తం ఇంజన్ పోయిందని భ్రమపడి తీసుకోరాదు.

గుర్తుంచుకోవలసినవి

పని ప్రారంభించే ముందు చక్రాలకు అడ్డు పెట్టి, హ్యాండ్‌బ్రేకు వేసి, బల్బు, స్ట్రోబ్ పరీక్షలకు తప్ప బ్యాటరీ తీగ తీసి ఉంచండి. దేనినైనా విప్పే ముందు గుర్తులను కలిపి నిలిపి, ఆపైన విప్పండి. పాత గుర్తులు కనిపించకుంటే రంగుతో మీ గుర్తులు వేసుకోండి. సెల్‌ఫోన్‌తో ఫొటో తీసుకొనే సదుపాయం ఇప్పుడు అందరికీ ఉన్నది. హ్యాండిల్‌తో స్టార్టు చేసే అలవాటున్నవారు బొటనవ్రేలిని తక్కిన వ్రేళ్ళ వైపునే ఉంచి పట్టుకోవాలి. రవ్వ మరీ ముందుగా పడుతుంటే హ్యాండిల్ వెనుకకు తన్ని మణికట్టు విరిగే ప్రమాదమున్నది. పనిని మెకానిక్కుకు అప్పగించినవారు, కవరు మూయక ముందే, "గుర్తులు ఒక్కసారి చూపించండి" అని మర్యాదగా అడగండి. పని తెలిసిన మెకానిక్కు అందుకు నొచ్చుకోడు, సంతోషంగానే చూపిస్తాడు.

వచ్చే సంచికలో వాల్వుల సందు సరిచేయడం గురించి తెలుసుకుందాము. పాఠకులు తమ సందేహాలను ఎప్పటి వలె సంపాదకుల ద్వారా పంపగలరు. లేఖలో కారు పేరు, తయారైన సంవత్సరం, చివరిసారి ఏ మరమ్మతు చేయించారు అన్న వివరాలు తప్పక వ్రాయవలసిందిగా కోరుతున్నాము. జబ్బు ఎప్పుడు మొదలైందో తెలిస్తే సగం వైద్యం జరిగినట్లే.